కుటుంబ పెన్షను – నడిచి వచ్చిన దారి



డిసెంబరు 17 పెన్షనర్ల దినం సందర్భంగా వెలువడే ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మన సంఘం కార్యదర్శిగారు కోరారు. నకారా తీర్పును గురించి ఏటా ఎవరో ఒకరు వ్రాస్తూనే ఉన్నారు. వ్రాయదగినదే. అయితే ఈసారి నేను పెన్షనరును గురించి కాక, పెన్షనరు పోయిన తరువాత ఇంట్లో మిగిలే మనిషిని గురించి వ్రాయదలచాను. మనలో చాలామందికి కుటుంబ పెన్షను అనేది పెన్షనుతో పాటే పుట్టిందన్న భావం ఉన్నది. అది నిజం కాదు. ఉద్యోగికి పెన్షను ఇవ్వడం మొదలైన ఎన్నో దశాబ్దాలకు గాని అతని భార్యకు జీవితాంతం పెన్షను రాలేదు. అది కూడా ఒక్కసారి రాలేదు, మెట్టు మెట్టుగా వచ్చింది. ఆ మెట్ల మధ్య జారిపోయిన కుటుంబాలలో మా కుటుంబం ఒకటి. అందుచేత ఈ చరిత్ర నాకు పుస్తకాలలో చదివినది మాత్రమే కాదు.

మా నాన్నగారు తపాలా శాఖలో గుమాస్తా. 1944లో ఉద్యోగంలో చేరారు. మేము నల్లపాడులో ఉండేవాళ్ళం. ఆయన రోజూ సైకిలు మీద గుంటూరు వెళ్ళి వచ్చేవారు. 1961లో నాలుగు రోజుల జ్వరంతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 42, సర్వీసు 17 సంవత్సరాలు. మా అమ్మకు 33. నాకు 12, అక్కకు 15, తమ్ముడికి 6. అమ్మ చేతికి వచ్చినవి రెండు: ప్రావిడెంటు ఫండులో ఉన్న సొమ్ము, పన్నెండు నెలల జీతానికి సమానమైన గ్రాట్యుటీ. వైద్యానికీ కర్మకాండకూ చేసిన అప్పు తీర్చి, అక్క పెళ్ళి చేసేసరికి ఆ రెండూ అయిపోయినాయి. ఆ తరువాత నెల నెలా వచ్చేది అంటూ ఏమీ లేదు.

ఎందుకు లేదు? ఆ సంగతి అర్థం కావడానికి నాకు మరి పదేళ్ళు పట్టింది. 1971లో నేను ఎల్.డి.సి.గా చేరి, కొంతకాలానికి పెన్షను కాగితాలు చూసే సీటులో కూర్చున్నాక గాని ఆ నిబంధనల పుస్తకాలు తెరిచి చూడలేదు.

దయాధర్మం రోజులు

ఆంగ్లేయుల పాలనలో పెన్షను అనేది ఉద్యోగి హక్కు కాదు, దొరతనం వారి దయ. 1871 నాటి పెన్షన్ల చట్టం ప్రకారం పెన్షను విషయమై సివిలు కోర్టులో దావా వేయడానికి వీలు లేదు. సత్ప్రవర్తన ఉంటేనే పెన్షను అన్నది అప్పటి సూత్రం. ఉద్యోగి బ్రతికి ఉన్నంతకాలం ఆయనకు ఎంతో కొంత ముట్టేది. ఆయన కన్ను మూసిన రోజుతో అదీ మూతపడేది. భార్య అర్జీ పెట్టుకుంటే, పై అధికారికి జాలి కలిగితే, ఏదో కొంత సాయం అందేది. హైదరాబాదు సంస్థానంలో మాత్రం నిజాం ప్రభుత్వం 1907లోనే ఉద్యోగుల కుటుంబాల కోసం ఒక నిధిని ఏర్పాటు చేసింది. నేటి ఏ.పి.జి.ఎల్.ఐ.కి అదే మూలం. మన గుంటూరు, ఒంగోలు ప్రాంతాలు మద్రాసు రాజధాని క్రింద ఉండేవి గనుక ఇక్కడి రాష్ట్ర ఉద్యోగులకు మద్రాసు పెన్షను కోడే శాసనం.

స్వాతంత్ర్యం వచ్చాక మొదటి మెట్టు 1950లో పడింది. కేంద్ర ప్రభుత్వం ఆ ఏడాది ఏప్రిల్ నుంచి సరళీకృత పెన్షను నిబంధనలు తెచ్చింది. గ్రాట్యుటీ వచ్చింది అప్పుడే. కుటుంబ పెన్షను వచ్చిందీ అప్పుడే. కాని షరతులు చూడండి. చనిపోయిన ఉద్యోగికి కనీసం 25 సంవత్సరాల సర్వీసు ఉండాలి. తరువాత దానిని 20కి తగ్గించారు. ఇచ్చేది పదేళ్ళ పాటు మాత్రమే. ఉద్యోగి పదవీ విరమణ చేసిన తేదీ నుంచి ఐదేళ్ళు దాటితే అదీ లేదు. అనగా, రిటైరయిన ఆరో ఏట భర్త పోయిన ఇల్లాలికి సున్న. పదిహేడేళ్ళ సర్వీసులో పోయిన మా నాన్నగారి ఇల్లాలికీ సున్న. నిండా నలభయ్యేళ్ళు రాని వితంతువుకు, చిన్న పిల్లల తల్లికి, సాయం అన్నిటికన్న ఎక్కువ అవసరం. ఆమెకే ఆ నిబంధన అన్నిటికన్న తక్కువ ఇచ్చింది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత మన రాష్ట్రం కూడా ఇదే దారి పట్టింది. 1961లో ఆంధ్రప్రదేశ్ సరళీకృత పెన్షను నిబంధనలు వచ్చినాయి. అంతకు ముందే, 1957లో, రైల్వేవారికి పెన్షను పద్ధతి ప్రవేశపెట్టారు. అంతవరకు వారికి ప్రావిడెంటు ఫండు మాత్రమే ఉండేది. మన నల్లపాడు స్టేషనులో పనిచేసిన పాతవారు, ఫండులో ఉందామా, పెన్షనుకు మారుదామా అని నెలల తరబడి తర్జనభర్జన పడిన సంగతి పెద్దలు చెప్పుకోగా విన్నాను. రొక్కం ఒక్కసారి చేతికి వస్తుందని ఫండులోనే ఉండిపోయినవారు తరువాత నొచ్చుకున్నారు.

ఇతర దేశాలలో

ఈ ఆలోచన మన దేశంలోనే పుట్టింది కాదు. అమెరికాలో 1935లో రూజ్‌వెల్టు అధ్యక్షుడుగా ఉండగా సాంఘిక భద్రతా చట్టం చేశారు. మొదట అది పనిచేసిన మనిషికి మాత్రమే వృద్ధాప్య భృతి. నాలుగేళ్ళు తిరగకముందే, 1939లో, మనిషికి మాత్రమే ఇస్తే చాలదు, అతని మీద ఆధారపడినవారికి కూడా ఇవ్వాలని సవరించారు. భార్యకు, వితంతువుకు, చిన్నపిల్లలకు వాటా ఏర్పడింది. 1940 జనవరిలో మొట్టమొదటి నెలవారీ చెక్కు అందుకున్న ఐడా మే ఫుల్లర్ అనే ఆమె ఒక వకీలు ఆఫీసులో పనిచేసి రిటైరయిన మనిషి, మనబోటి గుమాస్తాయే. ఆ చెక్కు 22 డాలర్ల 54 సెంట్లు. ఆవిడ నూరేళ్ళు బ్రతికింది. 1950లో ఆ పథకాన్ని మరింత విస్తరించి, పొలం పనివారిని, ఇళ్ళలో పనిచేసేవారిని, సొంత వ్యాపారం చేసుకునేవారిని కలుపుకొని ఇంచుమించు కోటిమందిని కొత్తగా చేర్చుకున్నారు. ఇంగ్లండులో 1942 నాటి బెవరిడ్జి నివేదిక దరిమిలా 1948 జూలై నుంచి జాతీయ బీమా అమలులోకి వచ్చింది.

మన రాజ్యాంగంలో 41వ అధికరణం ఉన్నది. వృద్ధాప్యంలో, అనారోగ్యంలో, నిరుద్యోగంలో రాజ్యం తన శక్తి మేరకు సహాయం చేయవలెనని దాని తాత్పర్యం. 'శక్తి మేరకు' అన్న ఆ రెండు మాటలలోనే ఇరుక్కొని మన దేశంలో చాలామంది చాలాకాలం ఎదురుచూశారు.

1964 – ఒక గీత

అసలైన మెట్టు 1964 జనవరి 1న పడింది. ఆ తేదీ నుంచి కేంద్ర ప్రభుత్వం కుటుంబ పెన్షను పథకం అమలు చేసింది. దీనితో మూడు పెద్ద మార్పులు వచ్చాయి. ఇరవై ఏళ్ళ సర్వీసు అక్కరలేదు, ఒక్క ఏడాది నిండితే చాలు. పదేళ్ళ గడువు తీసివేశారు. వితంతువుకు ఆమె జీవితాంతం, లేదా పునర్వివాహం చేసుకునేవరకు ఇస్తారు. ఆమె తరువాత మైనరు పిల్లలకు వస్తుంది. మూడవది, చిన్న జీతగాడి కుటుంబానికి ఎక్కువ వంతు. నెల జీతం 200 రూపాయల లోపు ఉంటే 30 శాతం, ఆ పైన 15 శాతం, 800 దాటితే 12 శాతం. పై తరగతివారికి తక్కువ శాతం, బంట్రోతుకు ఎక్కువ శాతం. మన దేశపు జీతాల చరిత్రలో ఇటువంటి లెక్క తరచు కనబడదు. మన రాష్ట్ర నిబంధనలలో కూడా ఈ పథకానికి 'కుటుంబ పెన్షను, 1964' అనే పేరే స్థిరపడింది. 1980 నాటి రివైజ్డు పెన్షను నిబంధనలలోని 50వ నిబంధన శీర్షిక అదే.

అయితే ఇందులో రెండు ముళ్ళు ఉన్నాయి. ఒకటి, ఈ పథకం కోసం ఉద్యోగి తన గ్రాట్యుటీలోంచి రెండు నెలల జీతం వదులుకోవాలి. రెండవది, 1964 జనవరి 1కి ముందు రిటైరయినవారి, చనిపోయినవారి కుటుంబాలకు ఇది వర్తించదు. ఆ తేదీ ఒక గీత. గీతకు ఇవతల ఏడాది సర్వీసు చేసి చనిపోయిన పిల్లవాడి భార్యకు జీవితాంతం పెన్షను. గీతకు అవతల ముప్పయ్యేళ్ళు చేసినవాడి భార్యకు అది లేదు.

మా అమ్మ గీతకు అవతల ఉండిపోయింది. రెండేళ్ళు తేడా. ఆమె మిరపకాయల తొడిమలు తీయడానికి వెళ్ళేది. కాలం వచ్చినప్పుడు పత్తి తీతకు వెళ్ళేది. మిర్చి ఘాటుకు తుమ్ములతో, మంటలతో రాత్రి నిద్ర ఉండేది కాదు. చేతులు నీళ్ళలో పెడితే మండేవి. అన్నం మేమే కలుపుకొని తినేవాళ్ళం. గుమాస్తాగారి భార్య కూలికి వెళుతున్నదని బంధువులు చాటున అనుకున్నారు గాని, ఎదురుగా వచ్చి పది రూపాయలు ఇచ్చినవారు తక్కువ.

ఈ గీత గీసినవారిలో దుర్మార్గులు ఎవరూ లేరు. ఖజానా లెక్క చూసుకొని ఎక్కడో ఒకచోట తేదీ పెట్టారు. కాగితం మీద అది సులువే. నేను కూడా తరువాతి కాలంలో అటువంటి తేదీలు చూపించి ఎందరినో వెనక్కు పంపించాను. 'అమ్మా, మీ ఆయన ఫలానా తేదీకి ముందు పోయారు, మీకు వర్తించదు' అని చెప్పేవాణ్ణి. వాళ్ళు నన్ను తిట్టేవాళ్ళు కాదు. దణ్ణం పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. అదే ఇప్పటికీ బాధిస్తుంది.

గీత చెరిగిన వైనం

పెన్షను దయ కాదు, హక్కు అని సుప్రీంకోర్టు 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులో చెప్పింది. 1982 డిసెంబరు 17న నకారా కేసులో అంతకంటె ముందుకు వెళ్ళింది. 1979 మార్చి 31కి ముందు రిటైరయినవారిని, తరువాత రిటైరయినవారిని రెండు జాతులుగా విడదీయడం సమానత్వానికి విరుద్ధమని తేల్చింది. ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ గారి అధ్యక్షతన గల ధర్మాసనం తరఫున తీర్పు వ్రాసినవారు జస్టిస్ డి.ఎ. దేశాయ్. పెన్షను అనేది చేసిన సేవకు ప్రతిఫలమే గాని యజమాని ఇష్టప్రకారం పెట్టే భిక్ష కాదని దాని సారాంశం. ఈ దినం మనం జరుపుకుంటున్నది అందుకే.

ఆ వెలుగులోనే 1964కు ముందటి వితంతువులు సుప్రీంకోర్టు మెట్లెక్కారు. పూనమ్మాళ్ కేసుగా అది పేరు పొందింది. 1985 ఏప్రిల్ 30న ఆ కేసు తేలింది. గీతకు అవతల ఉన్న కుటుంబాలకు కూడా 1977 సెప్టెంబరు 22 నుంచి కుటుంబ పెన్షను ఇవ్వడం ఖాయమయింది. గ్రాట్యుటీలో రెండు నెలల జీతం వదులుకోవాలన్న షరతును ప్రభుత్వం ఎత్తివేసినది ఆ తేదీ నుంచే గనుక దానినే ఆధారం చేసుకున్నారు. 1985 జూన్‌లో కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వులు వెలువడినాయి. నకారా తీర్పు మనందరికీ తెలుసు. పూనమ్మాళ్ పేరు మన ఇళ్ళలో ఎందరికి తెలుసు? అందుకే ఆ పేరు ఇక్కడ ప్రత్యేకంగా వ్రాస్తున్నాను.

ఆ ఉత్తర్వు నకలు పట్టుకొని నేను మా అమ్మ పేర అర్జీ పెట్టాను. నాన్నగారి సర్వీసు పుస్తకం దొరకలేదన్నారు, కాలం చెల్లిన రికార్డు తీసివేశారన్నారు. ఉత్తరం మీద ఉత్తరం వ్రాసి రెండేళ్ళు తిరిగాను. పెన్షను గుమాస్తానయి ఉండి, నేను ఇతరులను త్రిప్పిన త్రిప్పట నాకు తెలిసి వచ్చింది. చివరకు ఆధారం అమ్మ దగ్గరే దొరికింది. 1961లో గ్రాట్యుటీ మంజూరు చేస్తూ ఇచ్చిన ఉత్తరాన్ని ఆవిడ పాత పంచాంగంలో మడిచి ట్రంకు పెట్టెలో దాచింది. ఆవిడకు చదువు రాదు. 'మీ నాన్న పేరు మీద వచ్చిన ఆఖరు కాగితం గదా' అని దాచిందట. అందులో ఆయన హోదా, జీతం, సర్వీసు అన్నీ ఉన్నాయి. నాన్నగారితో పనిచేసిన ఇద్దరు పెద్దలు, అప్పటికే రిటైరయినవారు, ఆమె ఫలానా వారి భార్య అని ప్రమాణపత్రం మీద సంతకాలు చేశారు.

1987లో ఉత్తర్వు వచ్చింది, బకాయిలతో సహా. పోస్టాఫీసులో వేలిముద్ర వేసి డబ్బు తీసుకొని వస్తూ అమ్మ నన్ను అడిగింది: 'ఇది సర్కారు వారి ధర్మమా, మీ నాన్న జీతమా?' నేను, 'జీతమేనమ్మా, ఇరవై ఆరేళ్ళు ఆలస్యంగా వచ్చింది' అన్నాను. 'అయితే సరే, తీసుకుంటాను' అన్నది. నకారా తీర్పును నాకు ఎవరూ అంతకంటె తేలికగా చెప్పలేదు. ఆవిడ 2004లో పోయేవరకు ఎవరి మీదా ఆధారపడలేదు. కేంద్రంలో కనీస కుటుంబ పెన్షను 1986లో 375 రూపాయలు, 1996లో 1,275. ఆ రెండూ ఆవిడ అందుకున్నది. దానినే 2006 నుంచి 3,500కు, 2016 నుంచి 9,000కు పెంచారు.

గీతకు ఇంకా అవతల ఉన్నవారు

ఇదంతా ప్రభుత్వ ఉద్యోగుల కథ. మన ప్రాంతంలో అంతకంటె ఎక్కువమంది పత్తి మిల్లులలోను, పొగాకు కంపెనీలలోను, మిరప కళ్ళాలలోను బ్రతికినవారు. ఫ్యాక్టరీ పనివారికి 1952లో ప్రావిడెంటు ఫండు చట్టం వచ్చింది. మొదట ఆరు పరిశ్రమలకే, అందులో బట్టల మిల్లులు, సిగరెట్లు ఉన్నాయి. పోను పోను జిన్నింగు మిల్లులు, పొగాకు ఎండబెట్టే ఫ్యాక్టరీలు చేరినాయి. వారికి కుటుంబ పెన్షను 1971 మార్చిలోను, వృద్ధాప్య పెన్షను 1995 నవంబరులోను వచ్చింది. 2014 సెప్టెంబరు నుంచి దాని కనీస మొత్తం నెలకు వెయ్యి రూపాయలు. వెయ్యి రూపాయలకు ఇవాళ నెల రోజుల మందులు వస్తాయేమో మీరే చెప్పండి.

మా అమ్మ ప్రక్కన కూర్చొని తొడిమలు తీసిన ఆడవాళ్ళకు మాత్రం సర్వీసు పుస్తకమే లేదు, ట్రంకు పెట్టెలో దాచుకోవడానికి కాగితమే లేదు. అమెరికావారు పొలం పనివారిని 1950లో కలుపుకున్నారు గదా. మన దేశంలో కేంద్ర ప్రభుత్వం 1995 ఆగస్టు 15న నిరుపేద వృద్ధులకు జాతీయ పెన్షను మొదలుపెట్టినప్పుడు ఇచ్చినది నెలకు 75 రూపాయలు. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి వృద్ధులకు, వితంతువులకు 4,000 చేశారు. కొందరు మిత్రులు దీనిని ఉచితమని ఈసడించడం విన్నాను. ఒకప్పుడు మన పెన్షనును కూడా దొరలు దయ అనే అన్నారని మరువరాదు. ఎండలో పనిచేసినదీ సేవే.

మన పిల్లల తరానికి ఇంకొక గీత పడింది. కేంద్రంలో 2004 జనవరి 1, మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 తరువాత చేరినవారు పాత పెన్షనుకు బయట ఉన్నారు. కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుంచి ఏకీకృత పెన్షను పథకం పెట్టి, అందులో పెన్షనరు మరణిస్తే పెన్షనులో 60 శాతం కుటుంబానికి వచ్చే ఏర్పాటు చేసింది. దాని మంచి చెడ్డలు వేరే సంచికలో ఎవరైనా వ్రాయవలె. నేను చెప్పేది ఒక్కటే. తేదీతో గీసిన గీత అడిగేవారుంటే చెరుగుతుంది. అడగకపోతే అలాగే ఉంటుంది. మనకు వచ్చినదంతా ముందువారు అడిగితే వచ్చినదే.

చివరిగా ఒక మనవి

ఈ వ్యాసం చదివిన తరువాత దయచేసి మీ పి.పి.ఓ. పుస్తకం బయటకు తీయండి. అందులో మీ శ్రీమతి పేరు ఉన్నదా? ఆధార్ కార్డులో ఉన్నట్లే ఉన్నదా? సర్వీసు పుస్తకంలో పుట్టింటి పేరు, రేషను కార్డులో పిలుపు పేరు, బ్యాంకులో మూడో పేరు ఉన్న కేసులు నా సీటులో లెక్కలేనన్ని చూశాను. ఆమె పుట్టిన తేదీ వ్రాసి ఉన్నదా? వయస్సు పైబడినప్పుడు వచ్చే అదనపు పెన్షనుకు అదే ఆధారం. ఉద్యోగిని మీరే అయితే మీ వారి వివరాలు చూసుకోండి. పెళ్ళికాని, వికలాంగులైన పిల్లలు ఉంటే వారి పేర్లు మీరు ఉండగానే చేర్పించండి. మీ తరువాత చేర్పించడం ఎంత కష్టమో నాకు తెలుసు.

అన్నిటికంటె ముఖ్యం, ఆ కాగితం ఇంట్లో ఎక్కడ ఉన్నదో ఆమెకు చూపించండి. మనం చాలామందిమి జీతం ఎంతో భార్యకు చెప్పని తరంవాళ్ళం. పెన్షను సంగతైనా చెబుదాం. మా అమ్మకు ఆ ఒక్క కాగితం దాచాలని ఎవరూ చెప్పలేదు. తనంతట తానే దాచింది. అందరి అదృష్టం అలా ఉండదు.

ఇక సెలవు.

– ఒక విశ్రాంత గుమాస్తా, నల్లపాడు